షీట్ పెడితే 3డి రావట్లేదు, రంగు పట్టీలు వస్తున్నాయి

లెన్స్‌గోల: పొద్దున తొమ్మిదింటి నుంచి దీంతోనే కుస్తీ. ప్రింటింగ్ వాళ్లు వాడే 20 ఎల్‌పీఐ లెంటిక్యులర్ షీట్ (అంగుళానికి 20 సన్నటి నిలువు లెన్సులుండే ప్లాస్టిక్ షీటు) తెచ్చి స్క్రీన్ మీద పెట్టాను, 8 కోణాల్లో తీసిన వినాయకుడి ఫొటోలను నిలువు చారలుగా కలిపి చూపిస్తున్నా. కళ్లద్దాల్లేకుండా హోలోగ్రామ్ కనపడాల్సింది పోయి వేలు వెడల్పున రంగు పట్టీలు, స్వామికి నాలుగు తొండాలు. కోడ్ మూడుసార్లు చూశా, తప్పేం లేదు. ఎవరైనా చెప్పండి బాబూ.

ఒక్కమాట: స్క్రీన్ ఎంత? జూమ్ ఎంత?

పాతరేడియో: ముందు మాట సరిచేసుకోండి, అది హోలోగ్రామ్ కాదు. డెనిస్ గాబర్‌కి 1971లో నోబెల్ తెచ్చిన హోలోగ్రామ్ కాంతి తరంగాల వ్యతికరణాన్ని, అంటే అవి ఒకదానితో ఒకటి కలిసినప్పుడు ఏర్పడే నమూనాని నమోదు చేస్తుంది. మీది ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ పంపే ఏర్పాటు, అంతకంటే పాతది. సన్నటి చీలికల తెరతో ఫ్రెడరిక్ ఐవ్స్ 1903 నాటికే చేశాడు, 2011లో నింటెండో 3డీఎస్ గేమ్ మెషీన్‌లో వచ్చిందీ ఆ పద్ధతే.

చారలపంతులు: తిరిగే ఫ్యాన్ మీద బొమ్మ చూపించినా హోలోగ్రామ్ అనే అమ్ముతున్నారు, వదిలేయండి సార్.

పాతరేడియో: అమ్మేవాళ్లు ఏమైనా అంటారు. మనమూ అనాలా?

లెన్స్‌గోల: 15.6 ఇంచీల ల్యాప్‌టాప్, ఫుల్ హెచ్‌డీ, జూమ్ 100. చెప్పలేదా?

చారలపంతులు: చెప్పలేదు. మీ పిక్సెల్ దాదాపు 0.18 మి.మీ., 8 కోణాలకి 8 వరసలంటే 1.43. లెన్స్ వెడల్పేమో అంగుళాన్ని, అంటే 25.4ని 20తో భాగిస్తే 1.27. ప్రతి లెన్స్‌కీ 0.16 జరిగిపోతూ సెంటీమీటరు దాటగానే మళ్లీ మొదటికొస్తోంది, మీ వేలు వెడల్పు పట్టీ అదే. 7 పెట్టినా 1.26కి కాస్త తక్కువే, 1.27కి సరిపోదు. లెన్స్‌కి 7.08 పిక్సెళ్లని దశాంశంతోనే లెక్కవేయండి. చూసే దూరాన్ని బట్టి అది ఇంకాస్త పెరుగుతుంది, షీటు మీద రాసిన 20 కూడా కచ్చితంగా 20 ఉండదు, అందుకని నలుపు తెలుపు గీతలు పెట్టి, ఒక కన్ను మూసుకుని, అంకె కొంచెం కొంచెం మారుస్తూ పోండి. తల అటూ ఇటూ జరిపితే స్క్రీన్ మొత్తం ఒకేసారి నల్లబడాలి. రంగులంటారా, పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పక్కపక్కనే ఉంటాయి, నిట్టనిలువు లెన్స్ వాటిని విడదీసి చూపిస్తుంది. ఫిలిప్స్ వాళ్లు లెన్సును ఏటవాలుగా పెట్టింది అందుకే, దాదాపు తొమ్మిదిన్నర డిగ్రీలు.

ఒక్కమాట: ప్రింట్ షీట్ ఫోకస్ దాని వెనక తలం మీదే. స్క్రీన్ గాజు మందం కలిస్తే మసకే.

లెన్స్‌గోల: 7.11 దగ్గర తొండం ఒకటైంది!! రంగులు ఇంకా ఉన్నాయి, మసక కూడా. షీటు రేపు ఏటవాలుగా పెట్టి చూస్తా. థాంక్స్ అండీ.

కొత్తసభ్యుడు: ఇదే ఫోన్ మీద పనిచేస్తుందా? నాది ఓలెడ్ స్క్రీన్.