స్థానబలిమి సరే, రెండోది బలిమా బల్మా?

రామ్‌నగర్ రైట్‌బ్యాక్:
ఒక పాదం మూడు రోజులుగా బుర్రలో గిర్రున తిరుగుతోంది. ఆదివారం మా ఇంట్లో పెద్ద గొడవ. ఒకప్పటి స్టార్ ఆటగాణ్ని తను ఆడిన క్లబ్బుకే మేనేజర్‌ని చెయ్యొచ్చా అన్నది విషయం. ఏ క్లబ్బని అడక్కండి, చర్చ అటే కొట్టుకుపోతుంది. మా బాబాయి "వద్దురా, స్థానబలిమి కాని తన బలిమి కాదయా అన్నాడు వేమన" అని తేల్చేశాడు. అదేనండి, నీళ్లలో ఏనుగునే పట్టే మొసలి బయటికొస్తే కుక్క చేతిలో భంగపడుతుందన్న పద్యం. మా అన్నయ్య ఊరుకుంటాడా! "నేను మొత్తుకునేదీ అదే బాబాయ్! స్థానబలిమి! సొంత క్లబ్బులోనే వాడికి బలం" అన్నాడు. ఇద్దరూ ఒకే పద్యం పట్టుకుని చెరోవైపు లాగారు. బిర్యానీ చల్లారిపోయింది.

నాకు కావలసినవి రెండు. ఆ పాదం అసలు రూపం ఏమిటి? రెండో 'బలిమి' దగ్గర ప్రతిసారీ నాలుక తడబడుతోంది. ఇక వీళ్లిద్దరిలో ఎవరిది కరెక్ట్?

యతిభంగం:
నాలుక తడబడిందంటే మీ చెవి బాగుందన్నమాట. ఆటవెలది మూడో పాదం కదా, మూడు సూర్యగణాలు, తర్వాత రెండు ఇంద్రగణాలు రావాలి. స్థాన, బల్మి, కాని, ఇవి మూడు సూర్యగణాలు. ఇక్కడ 'బలిమి' అన్నా 'బల్మి' అన్నా ఇబ్బంది లేదు, న గణమో హ గణమో ఏదైనా చెల్లుతుంది. తర్వాత 'తన బల్మి' సలం, 'కాదయా' ర గణం. అదే 'తన బలిమి' అన్నారనుకోండి, వరసగా ఐదు లఘువులు. అలాంటి ఇంద్రగణం లేదు. కాబట్టి రెండోది బల్మే. మొదటిది మీ ఇష్టం.

ఇరానీ చాయ్:
వరసగా ఐదుగురు డిఫెండర్లు నిలబడ్డాక గోల్ ఎలా పడుతుంది భయ్యా.

సీతాఫల్‌మండి మాస్టారు:
ముప్పై ఏళ్లు ఈ పద్యం క్లాసులో చెప్పాను. పిల్లలు రెండుచోట్లా 'బలిమి' అనే అప్పజెప్పేవాళ్లు. నేనెప్పుడూ దిద్దలేదు. నోటితో చదివేటప్పుడు ఆ 'లి' సగం లోపలికి పోతుంది. కలిమి కల్మి అయినట్టు, చెలిమి చెల్మి అయినట్టు. వేమన పద్యాలు తాటాకుల మీద కంటే నోళ్లలోనే ఎక్కువ తిరిగాయి. బ్రౌన్ దొర పోగేసిన ప్రతుల్లోనే పాఠాంతరాలు కుప్పలు.

యతిభంగం:
మాస్టారూ, 'లి' లోపలికి పోతే మిగిలేది బల్మే కదండీ. నేను చెప్పిందే మీరూ చెబుతున్నారు.

సీతాఫల్‌మండి మాస్టారు:
లేదు నాయనా. నువ్వు తప్పంటున్నావు, నేను అలవాటంటున్నాను.

బమ్మెర అభిమాని:
రెండో బలిమి సంగతి సరే, మొదటి పాదం ఎవరూ పట్టించుకోరేం? మా అమ్మమ్మ 'నీళ్లలోన మొసలి నిక్కి యేనుగు బట్టు' అనేది. పుస్తకాల్లో 'నిగిడి' అని ఉంటుంది. నాకు అమ్మమ్మ మాటే ఇష్టం.

యతిభంగం:
'నిగిడి యే' నగం, 'నిక్కి యే' ర గణం. రెండూ ఇంద్రగణాలే, రెండింటికీ యతి కుదురుతుంది. ఈ కేసులో ఛందస్సు సాక్ష్యం చెప్పదు.

శబ్దరత్నం అక్క:
అర్థం చెబుతుంది. నిగుడు అంటే సాగడం, చాచుకోవడం, విజృంభించడం. నిక్కు అంటే మెడ పైకెత్తడం, దాంతోపాటు కాస్త గర్వం. మొసలి నీళ్లలో నిక్కితే ఏనుగు చూసి వెనక్కి పోదూ! కనపడకుండా ఉండి ఒక్కసారిగా ఒళ్లు చాచి పట్టుకోవడమే దాని పని. నిగిడే సరైనది. అమ్మమ్మగారికి నమస్కారం.

ఇరానీ చాయ్:
కానీ మాజీ స్టార్లు నిక్కుతారక్కా. మొదటి ప్రెస్‌మీట్‌లోనే నిక్కుతారు.

రామ్‌నగర్ రైట్‌బ్యాక్:
అందరికీ థ్యాంక్స్. రెండో ప్రశ్న కూడా ఒకటి అడిగాను, గుర్తుందా?

శబ్దరత్నం అక్క:
గుర్తుంది తమ్ముడూ. మీ ఇంటి గొడవంతా 'స్థానం' అన్న మాటలో ఉంది. మీ అన్నయ్యకి స్థానమంటే క్లబ్బు. ఆ జెర్సీ, ఆ స్టాండ్లు, ఆ ఊరు. బాబాయికి స్థానమంటే ఆటలో వాడు నిలబడిన చోటు. స్థానానికి చోటు అన్న అర్థం ఉంది, పదవి అన్న అర్థమూ ఉంది. ఈ రెండూ ఒకే మనిషి విషయంలో విడిపోయినప్పుడే చిక్కు. చోటు పాతదే, పదవి కొత్తది.

రామ్‌నగర్ రైట్‌బ్యాక్:
ఇది బాగుంది. నాకు ఇంకోటి తోచింది. మైదానం నీళ్లయితే టచ్‌లైన్ గట్టు. మేనేజర్ అనేవాడు తొంభై నిమిషాలూ గట్టు మీద నిలబడి అరవాల్సినవాడు. నీళ్లలోకి కాలు పెడితే రిఫరీ ఊరుకోడు. అంటే మొసలిని దాని చెరువు దగ్గరికే తీసుకొచ్చి, నీళ్లు ఎదురుగా కనిపిస్తుండగా గట్టు మీద నిలబెట్టినట్టు. లాంపార్డ్‌నే చూడండి. చెల్సీకి 211 గోల్స్ కొట్టాడు, ఆ క్లబ్బులో అంతకంటే ఎక్కువ కొట్టినవాడు లేడు. 2019లో మేనేజర్ని చేశారు, 2021 జనవరిలో తీసేశారు. టూకెల్ వచ్చి అదే జట్టుతో మే నెలలో ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. షియరర్‌ది ఇంకా ఘోరం. 2009లో న్యూకాసిల్‌కి చివరి ఎనిమిది మ్యాచ్‌లు చూసుకోమన్నారు. ఒక్కటే గెలిచి, క్లబ్బుతో పాటు కింది డివిజన్‌కి జారాడు.

యతిభంగం:
గట్టు వేరు, ఒడ్డు వేరు. చెరువుకి గట్టు, ఏటికి ఒడ్డు. మొసలి ఏది ఎక్కిందో వేమన చెప్పలేదు. 'బయట' అన్నాడంతే.

బమ్మెర అభిమాని:
పోతన చెప్పాడు! 'దరి' అన్నాడు. 'కరి దిగుచు మకరి సరసికి, కరి దరికిని మకరి దిగుచు'. మీ ఫుట్‌బాల్ ఎందుకండీ దీని ముందు. అటు లాగితే ఇటు, ఇటు లాగితే అటు, ఆ లఘువులన్నీ వరసగా పరుగెత్తుతుంటే తాడాట చూస్తున్నట్టే ఉంటుంది. చాలామంది ఇక్కడ 'దిగుచు'ని దిగడం అనుకుంటారు. దిగుచు అంటే లాగు. మొసలి ఏనుగుని కొలనులోకి లాగుతోంది, ఏనుగు మొసలిని దరికి లాగుతోంది. ఈ ఒక్క మాట తెలియక పద్యం మొత్తం పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

ఇరానీ చాయ్:
అక్కడే 'నీరాట వనాటములకు పోరాటం' అని కూడా ఉంది కదా. ఆట, ఆట, పోరాటం. పోతన ఫుట్‌బాల్ గురించే రాశాడు, ఒప్పేసుకోండి.

బమ్మెర అభిమాని:
అది ఆట కాదు బాబూ, అటం. తిరిగేది అని అర్థం. నీటిలో తిరిగేది నీరాటం, అడవిలో తిరిగేది వనాటం. మొసలీ ఏనుగూ. పోతన చెవికి మాత్రం ఆ 'రాట' ఎంత నచ్చిందో చూడండి, తర్వాతి పాదాల్లో 'ఆరాటం', 'ఘోరాటవి' కూడా తెచ్చాడు. ఇలా మొదలుపెడితే నాకు రాత్రి నిద్ర పట్టదు.

సీతాఫల్‌మండి మాస్టారు:
పోతన మొసలిని ఇందులోకి తేవద్దమ్మా. ఆ మొసలిది వేరే కథ, దానికి సుదర్శనం కావాల్సొచ్చింది. వేమన మొసలికి వీధికుక్క చాలు. ఈ పోలిక వేమనకంటే పాతది. పంచతంత్రంలో ఉంది. 'నక్రః స్వస్థానమాసాద్య గజేంద్రమపి కర్షతి, స ఏవ ప్రచ్యుతః స్థానాత్ శునాపి పరిభూయతే'. తన చోట ఉన్న మొసలి ఏనుగునైనా లాగుతుంది, చోటు తప్పితే దాన్ని కుక్క కూడా అవమానిస్తుంది అని. అక్కడ 'స్వస్థానం' అని స్పష్టంగా ఉంది, తన చోటు. వేమన ఆ 'స్వ' తీసేసి 'తన'ని బల్మికి తగిలించాడు. మీ బాబాయికీ అన్నయ్యకీ గొడవ పెట్టింది ఆ ఒక్క మార్పే.

శబ్దరత్నం అక్క:
మాస్టారూ, ఇది నాకెప్పుడూ తట్టలేదు. బాగుంది.

యతిభంగం:
బాగుంది కానీ నిలబడదు. 'స్థానబల్మి' అంటే ఎవరి స్థానం? మొసలిదే. స్వ లేకపోయినా అర్థమవుతుంది.

రామ్‌నగర్ రైట్‌బ్యాక్:
మా అన్నయ్య పక్కనే కూర్చుని అడగమంటున్నాడు. మరి జిదాన్ సంగతేంటి, గార్డియోలా సంగతేంటి అని. జిదాన్ 2016, 17, 18 వరసగా మూడు ఛాంపియన్స్ లీగ్‌లు తన పాత క్లబ్బు రియల్ మాడ్రిడ్‌కే గెలిచిపెట్టాడు కదా.

ఇరానీ చాయ్:
వాళ్లిద్దరూ ముందు అదే క్లబ్బు రెండో జట్టుతో గట్టు మీద నడక నేర్చుకున్నారని అన్నయ్యకి చెప్పు. జిదాన్ కాస్టిల్యాతో, గార్డియోలా బార్సిలోనా బి జట్టుతో. పిర్లోకి 2020లో యువెంటస్ రెండో జట్టు అప్పగించి, పది రోజులైనా కాకముందే పెద్ద జట్టు చేతిలో పెట్టారు. సీజన్ అవగానే పంపేశారు. ఇక డాల్‌గ్లిష్ 1985-86లో లివర్‌పూల్‌కి ఆడుతూనే మేనేజరై, ఆ ఏడే లీగూ ఎఫ్ఏ కప్పూ రెండూ కొట్టాడు. మొసలి ఉభయచరం కదా.

యతిభంగం:
మొసలి సరీసృపం. ఉభయచరం కప్ప.

ఇరానీ చాయ్:
సరే, డాల్‌గ్లిష్ కప్ప.

సీతాఫల్‌మండి మాస్టారు:
ఇంగ్లండు, స్పెయినూ తిరిగొచ్చారు, మన ఊరివాళ్లు ఒక్కరికీ గుర్తు రాలేదా? నయీముద్దీన్ హైదరాబాద్‌లో పుట్టి కలకత్తా వెళ్లాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకి కెప్టెన్. ఆడిన ఈస్ట్ బెంగాల్‌కే తర్వాత కోచ్ అయ్యాడు. 1990లో ఆయన చేతికింద ఆ క్లబ్బు ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ ఒకే ఏడు గెలిచింది. అర్జునా ఆయనకే, ద్రోణాచార్యా ఆయనకే. అన్నయ్య పక్షాన ఇంతకంటే గట్టి సాక్షి ఉండడు.

బాబాయి పక్షాన కూడా మనవాడే ఉన్నాడు. రహీం సాబ్. మైదానంలో స్టార్ కాదు, వృత్తి బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన శిక్షణలో 1950 నుంచి 54 దాకా ఐదేళ్లూ రోవర్స్ కప్పు ఎవరికీ ఇవ్వలేదు. భారత జట్టుకి ఆయన కోచ్‌గా 1951లోనూ 62లోనూ ఆసియా క్రీడల బంగారం, 56 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆయన బలమంతా గట్టు మీదే. నీళ్లతో పనే పడలేదు. పంతులు కాబట్టి పొగుడుతున్నానని అనుకోకండి. కొంత అదీ ఉంది.

రామ్‌నగర్ రైట్‌బ్యాక్:
అంటే ఇద్దరూ కరెక్టేనా మాస్టారూ?

సీతాఫల్‌మండి మాస్టారు:
నేనలా అన్లేదు. సాక్షుల్ని పిలిచాను, అంతే.

శబ్దరత్నం అక్క:
నన్నడిగితే అసలు మీ ఇంట్లో చదవాల్సింది వేమన కాదు. మొసలిని కరిచింది ఊరకుక్క. దానికి మొసలితో ముందు పరిచయం లేదు, పాత ప్రేమ లేదు. కానీ పాత క్లబ్బుకి మేనేజరైనవాణ్ని కరిచేది ఎవరు? ఒకప్పుడు వాడి పేరు పాడిన స్టాండ్లే. నాలుగు మ్యాచ్‌లు ఓడితే ఆ నోళ్లే తిడతాయి. దానికి సుమతిలో పద్యముంది. 'కమలములు నీట బాసిన కమలాప్తు రశ్మి సోకి కమలిన భంగిన్, తమ తమ నెలవులు దప్పిన తమ మిత్రులె శత్రులౌట తథ్యము సుమతీ'. సూర్యుడు మారలేదు. పొద్దున తామరని విప్పిందీ ఆ ఎండే, నీళ్లలోంచి తీస్తే వాడ్చిందీ ఆ ఎండే. నెలవు తప్పింది తామర. క్లబ్బుని, అభిమానుల్ని నీళ్లనుకుంటున్నాడు మీ అన్నయ్య. నేను సూర్యుడంటాను.

యతిభంగం:
'కమలాప్తు' కాదు, 'కమలాప్తుని'. ఆ 'ని' లేకపోతే కందం రెండో పాదంలో ఒక మాత్ర తగ్గుతుంది.

శబ్దరత్నం అక్క:
ఇంత చెబితే నీకు ఆ 'ని' ఒక్కటే కనిపించిందా!

యతిభంగం:
మిగతాదంతా బాగుందక్కా. బాగున్నదాని గురించి ఏం చెప్పను.

బమ్మెర అభిమాని:
నాకు మాత్రం అక్క పోలికలో తేడా అనిపిస్తోంది. తామర తనంతట తాను నీళ్లు వదల్దు, ఎవరో కోయాలి. మేనేజర్‌గా వచ్చేవాడు తనే సంతకం పెట్టి వస్తాడు.

ఇరానీ చాయ్:
సంతకం దగ్గర తామర ఏజెంట్ ఉంటాడు. అదలా ఉంచండి, నిన్న ట్యాంక్‌బండ్ మీద పోతుంటే గమనించాను. వేమన, పోతన ఇద్దరూ గట్టు మీదే నిలబడి ఉన్నారు, పక్కనే సాగర్. ఈ చర్చంతా అక్కడ పెట్టుకుంటే సరిపోయేది.

యతిభంగం:
ట్యాంక్‌బండ్‌ని గట్టు అనరు. చెరువు కట్ట అంటారు.

ఇరానీ చాయ్:
పొద్దున నువ్వే కదా చెరువుకి గట్టు అన్నావ్?

యతిభంగం:
పొలాల మధ్య చిన్న చెరువుకి అన్నాను. హుస్సేన్‌సాగర్ అంతటిదానికి కట్టే.

సీతాఫల్‌మండి మాస్టారు:
గట్టో కట్టో, మనకి అసలు క్లబ్బేది నాయనా? 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీ వెళ్లిపోయింది. ఏ పాత ఆటగాడైనా పాత క్లబ్బుకి వస్తానంటే ఏ గేటు చూపిస్తాం? గచ్చిబౌలి స్టేడియమా? మొసలి ఉన్నచోటే ఉండి, చెరువు లేచి వెళ్లిపోతే ఏమనాలో వేమన చెప్పలేదు.

బమ్మెర అభిమాని:
మాస్టారూ, ఆ మాట అనకుండా ఉండాల్సింది. మా అబ్బాయి దగ్గర ఆ పసుపు జెర్సీ ఇంకా ఉంది.

రామ్‌నగర్ రైట్‌బ్యాక్:
ఇప్పుడే బాబాయికి ఫోన్ చేశాను. స్వస్థానం, తామర, నయీం, అన్నీ చెప్పాను. అన్నీ విన్నాడు. చివర్లో 'రెండోది బలిమి కాదు బాబాయ్, బల్మి' అన్నాను. "నేనన్నదీ బల్మేరా, మీ అన్నయ్య అరుపుల్లో నీకు వినపడలేదు" అన్నాడు. మేనేజర్ విషయం మాత్రం ఆదివారం మళ్లీ మాట్లాడుకుందామన్నాడు. అన్నయ్య సుమతి పద్యం బట్టీ పడుతున్నాడు. 'ని' లేకుండానే.