అప్‌డేట్: నాస్తిక వైద్యురాలి ఆత్మ ఎక్కడికి వెళ్లిందంటే

మారతహళ్లిలో మేం ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో (ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా కథ నడిపే ఆట) ఏ దేవుణ్ణీ నమ్మని వైద్యురాలి పాత్ర చనిపోయింది, ఆ ఆటలోని ఫర్గాటెన్ రెల్మ్స్ అనే కల్పిత లోకం పద్ధతిలో ఆమెను విశ్వాసహీనుల గోడలో పెట్టాలా అని అడిగాను కదా.

పెట్టలేదు. ఆ గోడ కట్టించింది మిర్కుల్ అనే పాత మృత్యుదేవుడు. అందులో చేరిన ఆత్మ మెల్లగా కరిగి గోడలోనే కలిసిపోతుంది. ఊరందరికీ వైద్యం చేసిన మనిషికి ఆ గతి నాకు మింగుడుపడలేదు. పైగా ఆ లోకం గురించిన 2015 నాటి స్వోర్డ్ కోస్ట్ పుస్తకంలోని గోడ ప్రస్తావనను 2020 సవరణల్లో తీసేశారు.

ఇదే ఆటలోని ఎబెరాన్ అనే మరో లోకంలోలా చేద్దామనుకున్నా. అక్కడ నమ్మినా నమ్మకపోయినా ఆత్మలు డోలుర్ అనే మృతుల లోకానికే చేరి, జ్ఞాపకాలన్నీ పోగొట్టుకుంటాయి. ఆ పాత్ర ఆడే అక్క ఒప్పుకోలేదు. "అందరికీ ఒకటే అయితే ఆమె పట్టుదలకి విలువేముంది రా?" అంది. నిజమే అనిపించింది.

చివరికి ఇప్పటి మృత్యుదేవుడు కెలెంవోర్ ముందు విచారణ పెట్టాం. ఆమె బతికించలేకపోయిన పిల్లాడే సాక్షిగా వచ్చాడు. "రాత్రంతా నా చెయ్యి వదల్లేదు" అన్నాడు. అక్కకి కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకూ గొంతు పట్టేసింది. కొత్తగా వచ్చే ఆత్మల భయం తీర్చే పని ఆమెకి అప్పగించాడు కెలెంవోర్. దేవుణ్ణి కొలవాలన్న షరతు లేదు. వచ్చే ఆదివారం అక్క కొత్త పాత్రతో వస్తోంది.