స్నోమొబైల్ క్లబ్బుల్లో పనిచేసే తెలుగువాళ్లు ఉన్నారా? ట్రైల్ ఖర్చులు ఎలా గట్టెక్కిస్తున్నారు?

డులూత్_ఉత్తరం
అందరికీ నమస్కారం. మిన్నెసోటాలో డులూత్‌కు ఉత్తరాన ఒక చిన్న క్లబ్‌లో ఆరేళ్లుగా ఉన్నాను. మంచు మీద నడిచే ఈ స్నోమొబైల్ బండి నడపాలన్న సరదాతో చేరాను, ఇప్పుడు లెక్కలు నా చేతికొచ్చాయి. మాకు డెబ్బై మైళ్ల ట్రైల్, అంటే ఆ బండ్లు తిరిగే మంచు దారి, ఉంది. పనికి వచ్చేది పదిమంది, అందులో ఏడుగురు అరవై దాటినవాళ్లు.

మిన్నెసోటాలో 22,000 మైళ్లకు పైగా స్నోమొబైల్ ట్రైల్స్ ఉన్నాయి. వాటిలో చాలావరకు ఇలాంటి క్లబ్బులే జీతం లేకుండా చూసుకుంటున్నాయి. గ్రాంట్స్ ఇన్ ఎయిడ్ పథకం కింద రాష్ట్రం కొంత ఇస్తుంది. ఆ డబ్బు బండ్ల రిజిస్ట్రేషన్ ఫీజుల నుంచి, పెట్రోల్ పన్నులో స్నోమొబైళ్ల వాటాగా చట్టం లెక్కగట్టిన 1 శాతం నుంచి వస్తుంది. అది కూడా పని అయిందని చూపించాక విడతలుగా. ముందు మన జేబులోంచే పెట్టాలి.

2023-24 చలికాలం మా రాష్ట్రం రికార్డుల్లోనే అత్యంత వెచ్చనిది. ట్రైల్ మీద మంచును చదును చేసే గ్రూమర్ మెషీన్ నాలుగుసార్లు షెడ్డు దాటిందంతే. కానీ ఆ ఏడు కూడా అక్టోబర్‌లో కొమ్మలు కొట్టాం, వంతెన పలకలు మార్చాం, బోర్డులు పాతాం, ఇన్సూరెన్స్ కట్టాం. మంచు లేదని ఆ ఖర్చులు ఆగలేదు. ఇప్పుడు గ్రూమర్ గేర్‌బాక్స్ పోయింది. కొత్త మెషీన్ అంటే రెండు మూడు లక్షల డాలర్ల మాట. నిజంగా టెన్షన్‌గా ఉంది. మీ దగ్గర ఏం చేస్తున్నారు?

హేవర్డ్_వదిన
మాది విస్కాన్సిన్ అండి. 2024 ఫిబ్రవరిలో మా ఊరి బిర్కెబైనర్ స్కీ పోటీనే కృత్రిమ మంచు పరిచిన 10 కిలోమీటర్ల చుట్టు మీద జరిపారు. ఇక స్నోమొబైల్ ట్రైల్ సంగతి మీరే ఊహించుకోండి.

మాకు ఏళ్ల తరబడి కౌంటీ ద్వారా మైలుకు 300 డాలర్ల లెక్కన వచ్చేది. అరవై మైళ్లకు 18,000. ఒక్క పెద్ద రిపేరుకు సరిపోయేంత. ఖర్చు దాటితే అదనపు సాయం అడిగే దారి ఉంది. కానీ గ్రూమర్ ఎప్పుడు, ఎంతసేపు, ఎక్కడ తిరిగిందో గంటల వారీగా నమోదై ఉండాలి. మా వాళ్లు ఒక ఏడాది ఆ లెక్క సరిగ్గా రాయక డబ్బు పోగొట్టుకున్నారు. లెక్కలు మీ చేతిలో ఉన్నాయి కాబట్టి ముందు ఇది చూసుకోండి.

అయినా నాకు డబ్బు కన్నా భూమి గురించే ఎక్కువ దిగులు. మా ట్రైల్ చాలావరకు రైతుల పొలాల మీదుగానే పోతుంది. మా నాన్నగారిది గుంటూరు దగ్గర వ్యవసాయం. కోత అయిన చేలో ఎవరైనా బండి తోలినా ఆయన ఊరుకునేవారు కాదు. అందుకే ఇక్కడి రైతు కోపం నాకు వెంటనే అర్థమైంది. అల్ఫాల్ఫా మేత వేసిన చేలో మంచును తొక్కి గట్టిచేస్తే కింద పైరు చస్తుంది. రైడర్ ఒక్కడు గుర్తులు దాటి చేలో గుండ్రంగా తిప్పాడంటే, ఆ రైతు మరుసటి ఏడాది దారి మూసేస్తాడు. ఒక్క కమతం మూసుకుంటే అటూ ఇటూ పది మైళ్లు తెగిపోతాయి. ప్రమాదం జరిగితే రైతు మీదికి రాకుండా రాష్ట్ర చట్టం కాపాడుతుంది, కానీ చచ్చిన పైరుకు చట్టం జవాబు చెప్పదు కదా. ఏటా వేసవిలో నేనే స్వయంగా వెళ్లి వాళ్ల వంటింట్లో కూర్చుని మాట్లాడి వస్తాను.

సడ్‌బరీ_నుంచి
కెనడాలో, మా ఒంటారియోలో పద్ధతి వేరు. ఇక్కడ రైడర్లు కొనే ట్రైల్ పర్మిటే ప్రాణం. పర్మిట్ల డబ్బంతా క్లబ్బుల ఫెడరేషన్‌కు చేరి, అక్కడి నుంచి ట్రైల్ పనులకు వస్తుంది. నవంబర్ 1 లోపు కొంటే ధర తక్కువ. అది మాకు చాలా మేలు, ఎందుకంటే మంచు పడకముందే కొంత డబ్బు చేతికొస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, రెండు చలికాలాలు వరసగా పోతే మూడో ఏడు జనం "మంచు పడ్డాక చూద్దాం" అంటారు. అప్పటికి మాకు డీజిల్ కొనాల్సిన రోజులు వచ్చేస్తాయి.

మెయిన్_రాష్ట్రవాసి
మా దెబ్బ మంచు లేకపోవడం కాదు, వరద. 2023 డిసెంబర్ 18న వచ్చిన వాన, గాలికి రాష్ట్రమంతా వాగులు పొంగాయి. మా క్లబ్ వంతెనలు రెండు కొట్టుకుపోయాయి. సీజన్ మొదలవ్వాల్సిన వారంలో! వంతెన కట్టాలంటే అనుమతులు, ఇంజనీరు, దుంగలు, అన్నీ కావాలి. గ్రాంటు ఖర్చులో కొంత భాగమే తిరిగి ఇస్తుంది. మిగతాది పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్‌లు పెట్టి, లాటరీ టికెట్లు అమ్మి పోగుచేశాం. ఒక వంతెన ఇప్పటికీ లేదు.

ట్విన్‌సిటీస్_రైడర్
ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. నేను ఏటా ఐదారుసార్లు ఉత్తరానికి వచ్చి నడుపుతాను. రిజిస్ట్రేషన్ కట్టాను కాబట్టి నా వంతు అయిపోయిందనే అనుకున్నాను. క్లబ్‌లో చేరాలని నాకెవరూ చెప్పలేదు. ట్రైల్స్ ప్రభుత్వమే చూసుకుంటుందనుకున్నాను.

డులూత్_ఉత్తరం
తప్పేం లేదు తమ్ముడూ, చాలామంది అలాగే అనుకుంటారు. పగలు జనం తిరుగుతారు కాబట్టి గ్రూమింగ్ రాత్రే చేస్తాం. వెనక ఇనుప డ్రాగ్ కట్టి, పొలంలో గుంటక తోలినట్టు గుట్టలు కోసుకుంటూ గంటకు ఏడెనిమిది మైళ్లు పోతాం. తర్వాత ఆ మంచు గట్టిపడటానికి కొన్ని గంటల చలి కావాలి. నువ్వు శనివారం ఉదయం చూసే నున్నటి దారి, డెబ్బై రెండేళ్ల పెద్దాయన ఒకరు తెల్లవారుజామున మూడింటి దాకా నడిపి చేసింది. ఆయన తర్వాత ఎవరన్నదే మా అసలు సమస్య.

హేవర్డ్_వదిన
మా తెలుగు సంఘంలోనూ ఉగాదికి ఐదొందలమంది వస్తారు, కుర్చీలు సర్దేది మాత్రం ఆ పదిమందే. ఇక్కడ 2015లో ట్రైల్ పాస్ వచ్చినప్పుడు క్లబ్ సభ్యులకు 10 డాలర్లు, మిగతావాళ్లకు 30 పెట్టారు. సభ్యత్వాలు బాగా పెరిగాయి. రంపం పట్టుకునే చేతులు మాత్రం మా క్లబ్‌లో పెరగలేదు. "క్లబ్‌లో చేరండి" అని అందరినీ కలిపి అడిగితే ఎవరూ రారు. "ఫలానా ఆదివారం మూడు గంటలు, బోర్డులు పాతాలి" అని పేరు పెట్టి అడిగితే వస్తారు. పోయిన నవంబర్‌లో అలా అడిగితే నలుగురు కొత్తవాళ్లు వచ్చారు.

ట్విన్‌సిటీస్_రైడర్
అయితే నన్ను పేరు పెట్టి అడగండి. రంపం పట్టడం రాదు, బోర్డులు మోయగలను. మెకానికల్ చదివాను, గేర్‌బాక్స్ విప్పేటప్పుడు పక్కన ఉండగలను.

డులూత్_ఉత్తరం
అక్టోబర్ మొదటి శనివారం, ఉదయం ఎనిమిదికి షెడ్డు దగ్గర. లొకేషన్ మెసేజ్‌లో పంపుతాను. రంపం మేం ఇస్తాం, వాడటం నేర్పిస్తాం. గేర్‌బాక్స్ మాత్రం ఆ లోపే విప్పాలి, వచ్చే ఆదివారం రాగలవా?

ట్విన్‌సిటీస్_రైడర్
వస్తాను అన్నా. ఇంకో ఇద్దరు స్నేహితులకు కూడా చెబుతున్నాను.