గేదెల పాకలో దొరికిన పెద్ద జోరీగ: ఏ జాతి, ఆడదా మగదా?

మొన్న మధ్యాహ్నం వాన వెలిశాక మా గేదెల పాకలో దడి మీద వాలిన పెద్ద ఈగను సీసాలో పట్టాను. గేదె మీద వాలి ఉండగా చూడలేదు. పొడవు 19 మిల్లీమీటర్లు. ఛాతీ బూడిద రంగు, పొట్ట ముదురు గోధుమ రంగు, దానిపై నిలువుగా మూడు లేత చారలు. రెక్కల మీద మచ్చలు గానీ పట్టీలు గానీ లేవు. అందుకే అలాంటి రెక్కలుండే జోరీగ ప్రజాతులైన క్రైసాప్స్, హెమటోపోటా కాదనుకుని టబానస్ అనే ప్రజాతి దగ్గర ఆగాను. ఫొటోలతో పోల్చి చూస్తే చారల జోరీగలన్నీ ఒకేలా ఉన్నాయి, అక్కడి నుంచి ముందుకు పోలేకపోతున్నాను.

మగవాటికి కళ్లు నడినెత్తిన కలిసిపోతాయని, ఆడవాటికి మధ్యలో సందు ఉంటుందని చదివాను. భూతద్దంలో దీని కళ్ల నడుమ సన్నని బూడిద గీత కనిపిస్తోంది, వెంట్రుక కన్నా కాస్త వెడల్పు. అది సందో, కళ్లు కలిసిన అతుకో తేలడం లేదు. చాలా మగవాటిలోలా కంటి పైభాగంలోని గళ్లు (కంటిలోని చిన్న చిన్న పలకలు) కింది వాటికన్నా పెద్దవిగా లేవు. బతికున్నప్పుడు ఆకుపచ్చగా మెరిసిన కళ్లు చచ్చాక నల్లబడ్డాయి, ఆ ఆధారమూ పోయింది. రక్తం తాగేవి, పశువుల రక్తంలో పరాన్నజీవి వల్ల వచ్చే సర్రా వ్యాధిని మోసేవి ఆడవే. పాకలో ఈనిన గేదె ఉంది, అందుకే నాకు ఈ ఆరాటం.

ఈ గుర్తులను బట్టి ఇది టబానస్‌లో ఏ జాతి, ఆడదా మగదా?