నిత్యం నొప్పులు, తీరని నీరసం: మార్పు ఆహారంతోనే మొదలుపెట్టాలా?

ప్రశ్న

నమస్కారం. ఏడాదికి పైగా మెడ, భుజాలు, నడుము, తొడలు ఒకదాని తరువాత ఒకటి నొప్పి పెడుతున్నాయి. రాత్రంతా పడుకుని లేచినా ఒంట్లో సత్తువ ఉండటం లేదు. మధ్యాహ్నమయ్యేసరికి చదివిన వాక్యాన్నే మళ్లీ చదవవలసి వస్తోంది. వైద్యులు ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా నొప్పులు, నీరసం చాలాకాలం ఉండే జబ్బు) అని చెప్పి, మందులతో పాటు జీవనశైలి మార్చుకోమన్నారు. ఒకరు గోధుమ మానమంటున్నారు, మరొకరు పాలు, ఇంకొకరు చక్కెర. అన్నీ ఒకేసారి మానేస్తే మంచిదా? వ్యాయామం కూడా చేయమన్నారు కాని, కాస్త ఓపిక ఉన్న రోజున మిగిలిన పనులన్నీ ముగించుకుంటే ఆ తరువాత రెండు మూడు రోజులు మంచం దిగలేకపోతున్నాను. ఈ స్థితిలో వ్యాయామం ఎలా మొదలుపెట్టాలి?

మొదటి జవాబు

అన్నీ ఒకేసారి మానవద్దండి. ఉపశమనం కలిగితే దేనివల్ల కలిగిందో తెలియదు, కలగకపోతే ఉన్న కాస్త బలమూ తగ్గుతుంది. ఫలానా ఆహారంతో ఫైబ్రోమయాల్జియా నయమవుతుందని ఇంతవరకు గట్టిగా రుజువు కాలేదు. ఏదైనా పడటం లేదని మీకు నిజంగా అనుమానం ఉంటే, దానినొక్కదాన్నే మూడు నాలుగు వారాలు ఆపి, తిరిగి తిన్నప్పుడు ఏమవుతోందో రాసుకోండి. గోధుమ మానాలనుకుంటే మాత్రం ముందుగానే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) రక్తపరీక్ష గురించి వైద్యులను అడగండి. ఆ పరీక్షలో చూసే యాంటీబాడీలు గోధుమ మానిన కొద్దీ తగ్గిపోతాయి కాబట్టి, జబ్బు ఉన్నా లేదని రిపోర్టు వచ్చే అవకాశం ఉంది.

కాఫీ, టీల విషయం ఈరోజే చూసుకోవచ్చు. ఒంట్లోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. అంటే సాయంత్రం 5 గంటలకు తాగిన దానిలో సగం రాత్రి 10 గంటలకు కూడా ఒంట్లోనే ఉంటుంది. నిద్ర చాలని మర్నాడు నొప్పి ఎక్కువగా తెలుస్తుంది, ఆ నొప్పితో మళ్లీ నిద్ర పట్టదు. అందుకే ఆహారం కన్నా ముందు నిద్రను చక్కదిద్దుకోవడం మేలని నా అభిప్రాయం.

మీరు చివర రాసిన విషయమే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తోంది. ఓపిక ఉన్నంతసేపూ పని చేసి, ఆ తరువాత పడిపోవడం ఈ జబ్బులో చాలామందికి ఎదురయ్యేదే. అలసట వచ్చాక ఆగడం కాకుండా గడియారం చూసి ఆగడం అలవాటు చేసుకోవాలి. వంటగదిలో 40 నిమిషాలు నిలబడితే నడుము పట్టేస్తోందనుకుంటే, 20 నిమిషాలకే కూర్చోండి. కూరగాయలు తరగడం, బట్టలు మడతపెట్టడం కూర్చునే చేయండి. బాగున్న రోజున కూడా ఆ హద్దు దాటకపోవడమే కష్టం, ఫలితం దక్కేది కూడా అక్కడే. ఫైబ్రోమయాల్జియాకు 2016లో వెలువడిన యూరోపియన్ సిఫార్సులు అన్నిటికన్నా బలంగా సమర్థించినది వ్యాయామాన్నే. అయితే 5 నిమిషాల నడకతో మొదలుపెట్టి, అది వారం రెండు వారాలు ఇబ్బంది లేకుండా సాగాకే పెంచాలి.

రెండవ జవాబు

పై సలహాతో ఏకీభవిస్తున్నాను కాని, నడక పెంచే ముందు ఒక విషయం తేల్చుకోవడం అవసరం. శ్రమ చేసిన మరునాడో, ఆ పై రోజో నొప్పి, నీరసం, మెదడు మొద్దుబారడం అన్నీ కలిసి విజృంభించి రోజుల తరబడి తగ్గకపోతే, అది క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ (విశ్రాంతితో తీరని దీర్ఘకాలిక నీరసపు జబ్బు) ముఖ్య లక్షణం కావచ్చు. ఇది ఫైబ్రోమయాల్జియాతో కలిసి కూడా ఉంటుంది. క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్‌లో వ్యాయామాన్ని వారం వారం పెంచుకుంటూ పోయే పద్ధతిని, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021 మార్గదర్శకాల్లో వద్దని చెప్పింది.

రక్తపరీక్షల్లో థైరాయిడ్, బి12, విటమిన్ డి, చక్కెర, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను తెలిపేది) ఉన్నాయో లేదో చూడండి. హిమోగ్లోబిన్ సరిగానే ఉన్నా ఫెరిటిన్ తక్కువగా ఉంటే నీరసం రావచ్చు. మధుమేహానికి చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 తగ్గవచ్చు. గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉన్నాయేమో ఇంట్లోవారిని అడగండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. శ్రమ ఒంటితోనే ఉండాలా? ఎవరితోనైనా ఫోన్‌లో ఎక్కువసేపు మాట్లాడినా మర్నాడు ఇదే పరిస్థితి. పరీక్షల్లో థైరాయిడ్, హిమోగ్లోబిన్ మాత్రమే ఉన్నాయి.

రెండవ జవాబు ఇచ్చినవారు

ఒంటి శ్రమే కానక్కరలేదండి, మాటలు, చదువు, ఆందోళన కూడా శ్రమే. మీరు చెప్పినదాన్ని బట్టి ప్రస్తుతానికి వ్యాయామం పెంచకండి. రెండు వారాలపాటు ఏ రోజు ఏ పని ఎంతసేపు చేశారో, ఎన్ని గంటలు నిద్రపోయారో, ఆ తరువాతి రెండు రోజులు ఎలా గడిచాయో నోట్‌బుక్‌లో రోజుకొక వరుస చొప్పున రాసి వైద్యులకు చూపించండి. తక్కిన రక్తపరీక్షల సంగతీ అప్పుడే అడగండి. వారు నిర్ధారించేవరకు మందులు మాత్రం సొంతంగా ఆపవద్దు.