అజేయుడా, అపరాజితుడా? ఖబీబ్‌ని ఏమనాలి

గుంటూరు బ్రాడీపేటలో మా డాబా మీద మొన్న ఆదివారం సాయంత్రం మొదలైన వాదన ఇది. ఇంట్లో తేలలేదు, అందుకే మీ ముందు పెడుతున్నాను.

మా తమ్ముడి కొడుకు విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడికి మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటే ప్రాణం. గుద్దులూ తన్నులూ కుస్తీ పట్లూ అన్నీ కలిసిన పోరు అది, కేజ్ అనే కంచె లోపల ఆడతారు. "పెదనాన్నా, ఖబీబ్ అజేయుడు. ఈ ఆటలో అంతకన్నా గొప్పవాడు పుట్టలేదు. ఇక మాటల్లేవు" అన్నాడు.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఖబీబ్ నుర్మగొమెదొవ్‌ది రష్యాలోని దాగెస్తాన్. 29 పోటీల్లో దిగాడు, 29 గెలిచాడు. 2020 అక్టోబరులో అబుదాబిలో జస్టిన్ గేత్జీని ఓడించిన రాత్రే గ్లవ్స్ విప్పి కేజ్ మధ్యలో పెట్టి, ఇక చాలన్నాడు. తండ్రే అతనికి గురువు. ఆయన అంతకు మూడు నెలల ముందే పోయారు. నాన్న లేకుండా ఇక ఆడనని అమ్మకు మాటిచ్చానని అక్కడే నిలబడి చెప్పాడు. మావాడు ఆ వీడియో చూపిస్తుంటే నాకూ గొంతు పట్టేసింది. అయినా 'అజేయుడు' అన్న మాట దగ్గర నా మనసు ఒప్పలేదు.

అపరాజితుడు అంటే ఇంతవరకూ ఎవరి చేతిలోనూ ఓడనివాడు. అది జరిగిపోయిన సంగతి. లెక్క తీసి చూపించొచ్చు. అజేయుడు అంటే గెలవడానికి వీలు పడనివాడు. అది రేపటి గురించి కూడా పూచీ పడే మాట. మొదటిది రికార్డు, రెండోది తీర్పు. మన పేపర్లు రెండింటినీ ఒకే గాటన కట్టేశాయి. క్రికెట్‌లో అవుట్ కాకుండా వంద కొడితే 'అజేయ శతకం' అంటున్నాం. ఆ రోజుకి వికెట్ పోలేదు, అంతే కదా!

ఈ తేడా ఎంత పెద్దదో ఈ ఆటే చెబుతుంది. ఫెడర్ ఎమెలియానెంకోని దాదాపు పదేళ్లపాటు ఎవరూ ఓడించలేకపోయారు. 2010 జూన్‌లో ఫాబ్రిసియో వెర్డూమ్ 69 సెకన్లలో లొంగదీశాడు. ఆండర్సన్ సిల్వా ఈ పోటీలు నడిపే పెద్ద సంస్థ యూఎఫ్‌సీలో వరసగా 16 గెలిచాడు. 2013 జులైలో క్రిస్ వైడ్‌మన్ ఒక్క గుద్దుతో పడగొట్టాడు. వాళ్లిద్దరినీ ముందు రోజు దాకా అజేయులనే అని ఉంటాం. ఆట నుంచి తప్పుకున్నాడు కాబట్టి ఖబీబ్ విషయంలో ఆ మాటకి ఇక పరీక్ష లేదు. పరీక్ష లేని మాటను తీర్పుగా ఎలా ఒప్పుకోను?

ఇక 'మేటి'. ఇది నాకు చాలా ఇష్టమైన మాట. దీనికి ఎప్పుడూ పక్కన ఒక 'లో' కావాలి. ఈతలో మేటి, వాళ్లలో మేటి. పోల్చి చూడకుండా మేటి అనలేం. మరి ఎవరితో పోలుస్తాం? నా లెక్కలో కెనడా ఆటగాడు జార్జెస్ సెయింట్ పియెర్‌తో. అతను రెండుసార్లు ఓడాడు, 2004లో మ్యాట్ హ్యూస్ చేతిలో, 2007లో మ్యాట్ సెరా చేతిలో. ఇద్దరినీ మళ్లీ పిలిచి ఓడించాడు. ఆ తర్వాత టైటిల్‌ని వరసగా తొమ్మిదిసార్లు నిలబెట్టుకున్నాడు. నాలుగేళ్లు ఆటకి దూరంగా ఉండి, 2017లో వచ్చి పై బరువు విభాగంలో టైటిల్ కొట్టాడు. ఖబీబ్ టైటిల్ నిలబెట్టుకున్నది మూడుసార్లు. అపరాజితుడు అన్న మాట సెయింట్ పియెర్‌కి పనికిరాదు, మేటి అన్న మాట పనికొస్తుంది. నేను చెప్పేది ఇదే. ఓడి లేచినవాడికి చోటున్న మాట మేటి.

జాన్ జోన్స్ సంగతి అడుగుతారని తెలుసు. 23 ఏళ్లకే చాంపియన్ అయ్యాడు, ఆట అద్భుతం. కానీ డోపింగ్ పరీక్షలో దొరికినందుకు 2017లో గెలిచిన పోటీ ఫలితాన్నే రద్దు చేశారు. నా జాబితాలో అతను పైన ఉండడు.

ఇదంతా చెప్పాక మావాడు వాదన మానేసి, "ఒకసారి ఇలా కూర్చోండి" అన్నాడు. పిట్టగోడకి ఆనించి కూర్చోబెట్టాడు. కేజ్ గోడ అనుకోమన్నాడు. నా రెండు కాళ్ల మీద తన కాళ్లు మెలేసి, నా ఎడమ చెయ్యి వీపు వెనక్కి లాగి మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. నొప్పి లేదు, ఊపిరి ఆడుతోంది, కానీ ఇంచు కూడా కదల్లేను. వాడి కుడి చెయ్యి మాత్రం ఖాళీగా ఉంది. "ఇప్పుడు ఈ చేత్తో కొడతాడు పెదనాన్నా, ఐర్లండ్ ఆటగాడు మెక్‌గ్రెగర్‌ని మొదటి రౌండ్లో ఇలాగే కాళ్లు కట్టేసి కూర్చోబెట్టాడు" అన్నాడు. ఉడుంపట్టు అన్న మాట చిన్నప్పటి నుంచీ వాడుతున్నాను. దాని అర్థం ఒంటికి తెలిసింది ఆ రోజే. పట్టులో మేటి ఎవరంటే ఖబీబే. అక్కడ నాకు రెండో మాట లేదు.

మీరేమంటారు?

తెనాలి నుంచి ఒక సంస్కృతం టీచరు గారి జవాబు:
నమస్కారమండీ. ఒక చిన్న చేర్పు. పాణిని దీనికి ప్రత్యేకంగా సూత్రమే చేశాడు, 'క్షయ్యజయ్యౌ శక్యార్థే' అని. గెలవడం సాధ్యమైతే జయ్యం, గెలవదగినదైతే జేయం. ఆ లెక్కన మీరు చెప్పే 'గెలవడానికి వీలు పడనివాడు' అజయ్యుడు అవుతాడు, అజేయుడు కాదు.

విజయవాడ పటమట నుంచి ఒక మిత్రుడు:
అన్నా, ఇంత సంస్కృతం దేనికి? మా తాత కుస్తీ పట్టేవాళ్లని జెట్టి అనేవాడు, నేర్పేవాణ్ని వస్తాదు అనేవాడు. గెలిచినా ఓడినా జెట్టి జెట్టే. ఖబీబ్ జగజ్జెట్టి. అయిపోయింది.

నా జవాబు:
టీచరు గారూ, ఈ సూత్రం నాకు తెలియదు, మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. సంస్కృతంలో మీ మాటే రైటు. తెలుగులో మాత్రం అజయ్యుడు నిలవలేదు. ఆ పనంతా అజేయుడే మోస్తున్నాడు. కాబట్టి జేయానికీ జయ్యానికీ మధ్య తేడాని తెలుగులో తిరిగి నిలబెట్టలేం. పరాజితుడు కాకపోవడానికీ అజేయుడు కావడానికీ మధ్య తేడా మాత్రం ఇంకా చేతిలోనే ఉంది, దాన్ని పోగొట్టుకోవద్దనే నా బాధ.

తమ్ముడూ, జెట్టి నాకూ ఇష్టమే. వస్తాదు పారసీ ఉస్తాద్ నుంచి వచ్చి మన ఊళ్లలో మనదైపోయింది. కానీ జెట్టి చేసే పనిని చెబుతుంది, వరసని చెప్పదు. ముందు 'జగత్' తగిలిస్తే వరస వస్తుంది, అప్పుడు మళ్లీ మన గొడవ మొదటికే. మనవాళ్లు కోడి రామ్మూర్తి నాయుడు గారిని కలియుగ భీముడన్నారు. ఎన్ని గెలిచాడో లెక్కపెట్టి అన్నది కాదు, ఆయన బలం చూసి భీముడి పక్కన నిలబెట్టారు. అదీ ఒక పోలికే, మేటి లాగా.

విజయవాడ మిత్రుడు:
సరే అన్నా, 29కి 29 ఉన్నవాణ్ని రెండు ఓడినవాడి కింద పెట్టడం మాత్రం నాకు ఎక్కలేదు.

నా జవాబు:
మావాడిదీ అదే మాట. రాత్రి మెసేజ్ పెట్టాడు: "అపరాజితుడు అనే అంటాను పెదనాన్నా, ఆ మాట బాగుంది. కానీ మేటి కూడా అతనే." మొదటిదానికి సంతోషించాను. రెండోదానికి ఇంకా ఒప్పుకోలేదు. 2008 ఏప్రిల్‌లో మాంట్రియల్లో సెయింట్ పియెర్ సొంత జనం ముందు సెరాని మళ్లీ ఎదుర్కొన్న పోటీ ఉంది. అది మొదటి నుంచి చివరిదాకా చూసి, ఆదివారం డాబా మీదికి రమ్మన్నాను. మీరూ చూడండి తమ్ముడూ.