మన్యానికి ముందు కావలసింది మత్తు డాక్టరా, మరో 108 బండా?

గట్టు మీద మనిషి, రాజమహేంద్రవరం
పోయిన నెలలో మా అమ్మకు జ్వరం ముదిరి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. పక్క మంచం మీద మారేడుమిల్లి పైనున్న ఒక గూడెం నుంచి తెచ్చిన బాలింత. కాన్పు ఇంట్లోనే అయింది, రక్తం ఆగలేదు. డోలీలో రోడ్డు దాకా మోశారు, అక్కడి నుంచి 108 ఎక్కించారు. దారిలో ఒకచోట దించితే, చూసి, కిందికి తీసుకువెళ్లండని చీటీ రాసి పంపారట. మారేడుమిల్లి నుంచి మా ఊరు 80 కిలోమీటర్ల పైమాటే. ఆమె బతికింది. ఆ చీటీ మాత్రం నా మనసులోంచి పోవడం లేదు.

108 మొదలైంది 2005 ఆగస్టు 15న. 2020 జూలై 1న 108, 104 కలిపి 1,088 బండ్లను విజయవాడలో ఒక్క రోజే జెండా ఊపి పంపారు. బండ్లు చాలినన్ని ఉన్నాయని అనను. కానీ ఎక్కించుకున్నాక ఎక్కడికి? కొండ మీదే ఒక్కచోట రాత్రింబవళ్లు ఆపరేషన్ చేసే డాక్టరు, మత్తు డాక్టరు, రక్తం నిల్వచేసే ఫ్రిజ్ ఉంటే చాలంటాను. కాదనేవారు చెప్పండి.

అరటి గెల, రావులపాలెం
కాదంటాను. మత్తు డాక్టరును పంపుతారు, సరే. నెలకు నాలుగు ఆపరేషన్లు కూడా పడని చోట ఆయన చేతి నేర్పు ఎన్నాళ్లు నిలుస్తుంది? ఏడాదిలోపే బదిలీ అడుగుతాడు. ఆ తరువాత తాళం వేసిన గది, తుప్పు పట్టిన బల్ల మిగులుతాయి. మన కోనసీమ సంగతే చూడండి. 2002లో యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన పడ్డాక కాకినాడ మనకు ఎంత దగ్గరైంది! అమలాపురం వైపు వారి ప్రాణాలు కాపాడింది ఆ వంతెనే. ముందు దారి వేయండి, బండి దానంతట అదే వస్తుంది.

లంకవాసి
వంతెన ఉన్నవారికి వంతెన గొప్పగానే కనబడుతుంది, అరటి గెల గారూ. గోదావరి మధ్యనున్న మా లంకకు ఇంకా లేదు. ఏటా జూలైలో ఎర్రనీరు రాగానే మా తాత్కాలిక బాట కొట్టుకుపోతుంది, ఆ తరువాత పడవే గతి.

2022 జూలై వరద గుర్తుందా? ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఆ ఏడాది 25 లక్షలు దాటింది. మా మరదలికి తొమ్మిదో నెల. మొదటి హెచ్చరిక ఇంకా రాకముందే ఆశా కార్యకర్త ఇంటికొచ్చి కూర్చుంది. 'రేపు పొద్దున్న పడవ ఎక్కకపోతే నేను లేవను' అంది. మా అత్తగారు అలిగారు, మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలని. ఆశా లేవలేదు. ఏటిగట్టు అవతల చుట్టాలింట్లో పన్నెండు రోజులున్నారు. నొప్పులు వచ్చిన రాత్రి మా వాకిట్లో నడుములోతు నీళ్లు. ఆ ఉధృతిలో ఏ సరంగు పడవ తీస్తాడు? తీసినా నేను ఎక్కనివ్వను.

కాబట్టి కాన్పు విషయంలో డాక్టరు ముందా, బండి ముందా అన్న ప్రశ్నే నాకు వింతగా ఉంది. తేదీ ముందే తెలుసు కదా. మనిషిని ముందే కదిలించాలి.

గట్టు మీద మనిషి
పాముకాటుకు తేదీ ఉండదు కదండీ?

రిటైరైన నర్సు, కాకినాడ
పాము మాటెత్తారు కాబట్టి ముప్పై ఏళ్లు సూదులు వేసిన చేతితో రాస్తున్నాను.

పాముకాటుకు ఆపరేషన్ చేసే డాక్టరు అక్కర్లేదు. విరుగుడు మందు ఒక్కటే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ అదే పనిచేస్తుంది. రక్తపింజర కరిస్తే రక్తం గడ్డకట్టదు. కొంచెం రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తే తెలిసిపోతుంది, దానికి ల్యాబు కూడా అవసరం లేదు. మందు పీహెచ్‌సీలో ఉంటుంది. అక్కడి డాక్టరుకు ఎక్కించే ధైర్యమే ఉండదు. మందు పడక రోగికి ఏదైనా అయితే బంధువులు తన మీద పడతారని భయం. అందుకని చీటీ. మందు పడకపోతే వేయడానికి అడ్రినలిన్ సూది సిద్ధంగా పెట్టుకోవాలని, ఎలా వాడాలో పక్కన నిలబడి నేర్పినవారు లేరు.

పక్షవాతం వేరు. గడ్డను కరిగించే మందుకు నాలుగున్నర గంటల గడువు, అదీ సీటీ స్కాన్ తీశాకే. దానికి కిందికి రావలసిందే, అక్కడ బండే దేవుడు. బాలింత రక్తస్రావం ఇంకో రకం. రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు, కొండ దిగేలోపు అయిపోతుంది. ఒక్కో జబ్బుకు ఒక్కో గడియారం ఉంటే మీరంతా ఒకే గడియారం పెట్టి వాదిస్తున్నారు. నన్నడిగితే పైన రక్తం ఫ్రిజ్ పెట్టండి, చీటీ రాసే ముందు సెలైన్ పెట్టని వారిని మాత్రం నేను క్షమించలేను.

అరటి గెల
అమ్మా, మీ మాటకు ఎదురు లేదు. కానీ ఆ ఫ్రిజ్ పక్కన రాత్రి పడుకునేది ఎవరు? క్వార్టర్లు కురుస్తుంటాయి, పిల్లలకు బడి ఉండదు. అది చెప్పకుండా పోస్టులు మంజూరు చేస్తే కాగితం మీదే డాక్టర్లు.

పీజీ రెండో ఏడు
పీజీ చదివే డాక్టర్లం మాకు ఇప్పుడు మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పనిచేయడం తప్పనిసరి. ఆ వంతులో మత్తు విభాగం వాళ్లను మన్యానికి పంపితే ఎప్పుడూ ఒకరు ఉంటారు. నేనైతే వెళ్తాను. పెద్ద డాక్టరు ఒకరు తోడు లేకుండా ఒంటరిగా వదిలితే మాత్రం వెళ్లను. భయమే, దాచను.

ఘాట్ రోడ్డు, చింతూరు
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. మా గురించి అంతా కింద కూర్చునే తేల్చేస్తున్నారు.

మాకు దగ్గరగా ఉన్నది భద్రాచలం. 2014లో మా మండలాలు ఈ రాష్ట్రానికి వచ్చాయి, భద్రాచలం తెలంగాణలోనే ఉండిపోయింది. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మా జిల్లా కేంద్రం పాడేరు అన్నారు. మాకు పాడేరు కంటే కాకినాడ వెళ్లడమే తేలిక. కూనవరం దగ్గర శబరి, గోదావరి పోటీపడి పొంగితే భద్రాచలం వైపు దారి మూసుకుపోతుంది. అప్పుడు మారేడుమిల్లి ఘాట్ ఒక్కటే మిగులుతుంది, అక్కడ చెట్టు పడితే అదీ ఉండదు.

లంకవాసి గారు చెప్పినట్టు కాన్పుకు ముందే గర్భిణులను తెచ్చి ఉంచే వసతి ఏజెన్సీలో కొన్నిచోట్ల పెట్టారు, మంచిదే. కానీ మధ్యలోనే అక్కడి నుంచి పారిపోతారు, ఎందుకో ఎవరైనా అడిగారా? ఇంటి దగ్గర ఇద్దరు చిన్నపిల్లలుంటారు. పోడు చేనుకు కాపలా ఉండాలి. మొగుడు కూడా వస్తే ఆ రోజుల కూలి పోతుంది. పిల్లలనూ ఒక ముసలమ్మనూ వెంట ఉండనిచ్చి, వండుకోవడానికి పొయ్యి ఇస్తే ఉంటారు. మంచం, పప్పన్నం ఇచ్చి గేటు వేస్తే ఉండరు.

లంకవాసి
మా ఆశా దగ్గర గర్భిణుల తేదీలన్నీ రాసిన పుస్తకం ఉంటుంది, అన్నా. వరద కబురు రాగానే మొదట అదే తెరుస్తుంది. మీ దగ్గర ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

ఘాట్ రోడ్డు, చింతూరు
ఏఎన్‌ఎం నర్సమ్మ చేతిలో, తమ్ముడూ. మా గూడేనికి వాగు దాటి నడిచి రావాలి. జూన్ నుంచి వాగు ఆమెను రానివ్వదు.